తోక బరువు

దయ్యాల మాట వస్తే నేను లేచి వెళ్లిపోయే రకం. కనిపించే మనుషులు చెప్పిందే ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటాను, ఇక కనిపించని వాళ్లనేం నమ్ముతాను? నా ఉద్యోగం అలాంటిది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సరుకు విమానాల్లోకి ఎక్కే పెట్టెలను తూచే దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కాగితం మీద నలభై కిలోలని రాసుకొస్తారు, కాటా మీద పెడితే యాభై రెండు ఉంటుంది. కాటా చెప్పిందే నాకు వేదం.

మాది తొండుపల్లి. మా మిద్దె మీద ఆరేసిన బట్టల మీదుగా రోజూ విమానాలు పోతుంటాయి. ఆ మోతకు టీవీలో సగం మాటలు మాకు వినపడవు. అయినా మా ఇంట్లో విమానం ఎక్కినవాళ్లు లేరు. నేనే మొదటిదాన్ని.

మా అన్న యాదగిరి బోరు లారీ మీద పనిచేస్తాడు. ఛత్తీస్‌గఢ్ అడవిలో ఒక గని వాళ్లకు బోర్లు వేయడానికి వెళ్లాడు. ఒకరోజు పొద్దున గని ఆఫీసు నుంచి ఫోను. ఇనుప పైపులు జారి పడ్డాయట, చిన్న దెబ్బేనట, తమ విమానంలో హైదరాబాద్ పంపిస్తారట. చిన్న దెబ్బకు విమానం ఎవరు పంపుతారు? మా వదిన అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ విమానం మా ఎయిర్‌పోర్టులోనే ఉంటుందనీ, ఖాళీగా బయలుదేరుతోందనీ తెలిసి, నేను వాళ్లతో పోట్లాడి, బతిమాలి ఎక్కాను. నా కళ్లతో చూస్తే తప్ప నమ్మేదాన్ని కాదు.

దాన్ని విమానం అనడానికి మనసొప్పలేదు. ఒకటే ఇంజను, ముందొక ఫ్యాను. తలుపు ఆటో తలుపులా రెండుసార్లు కొడితే గానీ పడలేదు. కెప్టెన్ గారు కాకినాడ వైపు మనిషి, అరవై దాటినాయన. ఎక్కడెక్కడో అడవుల్లో, కొండల్లో మట్టి మైదానాల మీద విమానాలు దించి బతికొచ్చారట. భుజాన తువ్వాలు, చేతిలో కొలబద్ద. ఆ కొలబద్దను రెక్కలోని ట్యాంకులో ముంచి పెట్రోలు ఎంతుందో చూశారు. మీటరు లేదా అని అడిగాను.

"ఉందమ్మా. దాని మాట నేను నమ్మను."

అంత భయంలోనూ ఆయన నాకు నచ్చారు. తర్వాత నా బరువు అడిగారు. అరవై రెండు అన్నాను. ఆయన సీటు కింద నుంచి చిన్న కాటా తీసి నన్ను నిలబెట్టారు. అరవై ఎనిమిది. పదకొండేళ్లుగా ఊళ్లోవాళ్ల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, ఆయన ముందు తల దించుకున్నాను.

గాల్లోకి లేచాక ఆయన మోకాలితో విమానం నడుపుతూ బత్తాయి ఒలిచారు. నాకూ రెండు తొనలు ఇచ్చారు. ఇంజను ఒక్కటే ఉందేమిటి సార్ అంటే, రెండుంటే రెండూ చెడిపోతాయన్నారు. దిగాల్సిన చోట ఎర్రమట్టి బాట, దాని నిండా మేకలు. నేల తాకేంత కిందికి దించి, మేకల్ని చెదరగొట్టి, మళ్లీ పైకి లేపి, ఒక చుట్టు తిప్పి దించారు. నా పొట్టలోని బత్తాయి తొనలు ఆ చుట్టులోనే బయటికి వచ్చాయి.

దిగాక నవ్వు మాటలు లేవు. గని మేనేజరు నన్ను పక్కకు తీసుకెళ్లి అసలు సంగతి చెప్పాడు. అన్నతోపాటు పనిచేసే నర్సింగన్న అక్కడికక్కడే చనిపోయాడు. శవాన్ని పంపడానికి బండి కోసం చూస్తున్నారు. అన్నకు తెలివి లేదు, కడుపులో రక్తం కారుతోంది. సాయంత్రంలోగా ఆపరేషన్ కాకపోతే ఆశ లేదని గని దవాఖానలోని కాంపౌండరు అన్నాడు. నర్సింగన్న, మా అన్న పదిహేనేళ్లుగా ఒకే లారీ, ఒకే టిఫిన్ డబ్బా. అతను పోయిన సంగతి అన్నకు తెలియనివ్వొద్దని మేనేజరు గట్టిగా చెప్పాడు.

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ కెప్టెన్ గారు దూరంగా, రెక్క మీద నిలబడి పెట్రోలు పోసుకుంటున్నారు. ఇది నేను చూశాను.

అన్నను స్ట్రెచర్‌తో ఎక్కించారు. కాంపౌండరు, నేను పక్కన కూర్చున్నాం. విమానం పరుగెత్తింది. ముక్కు ముందే లేచింది గానీ ఒళ్లు లేవలేదు. చెట్లు దగ్గరపడుతుంటే కెప్టెన్ గారు బ్రేకులు తొక్కారు. తోక బరువుగా ఉంది, ఒక మనిషి ఎక్కువున్నాడు అన్నారు. మళ్లీ అందరినీ తూచారు. ముల్లు నేనే చదివాను. కాంపౌండరు యాభై తొమ్మిది, నేను అదే అరవై ఎనిమిది. అన్న బరువు ఒక్కటే చూపు అంచనా. అది నా రోజువారీ పని, మహా అయితే అయిదు కిలోలు తప్పుతాను. లెక్క సరిగ్గానే ఉంది. అయినా కాంపౌండరు తెచ్చిన మందుల పెట్టెలు దించేశారు.

రెండోసారీ అంతే. అన్న ఊపిరి గరగరమంటోంది. కెప్టెన్ గారు తాగి ఉన్నారా అని దగ్గరికెళ్లి వాసన చూశాను కూడా. బత్తాయి వాసన తప్ప ఏమీ లేదు.

ఆయన కిందికి దిగి వెనక తలుపు దగ్గరికి వచ్చారు. తలుపు తెరిచి, టోపీ తీసి, అన్న కాళ్ల దగ్గరున్న ఖాళీ జాగా వైపు చూస్తూ మర్యాదగా అన్నారు.

"బాబూ, దిగండి. ఈయన బతకాలి. మీకు వేరే బండి వస్తుంది."

తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత మూసేశారు. కాంపౌండరు నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. మూడోసారి విమానం సగం బాటలోనే లేచింది.

శంషాబాద్‌లో దిగేసరికి అంబులెన్స్ సిద్ధంగా ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పింది. నర్సింగన్న పోయిన సంగతి కెప్టెన్ గారికి కాంపౌండరే ముందుగా చెప్పి ఉంటాడని నా అనుమానం. అతన్ని నిలదీశాను, తన పిల్లల మీద ఒట్టేసి కాదన్నాడు. కెప్టెన్ గారిని అడిగితే, "బరువు తగ్గించానమ్మా, అంతే" అని తువ్వాలుతో అద్దం తుడుచుకున్నారు.

పన్నెండో రోజు అన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"నర్సింగ్ ఇంక రాలేదా చెల్లె?"

అతను పోయిన సంగతి ఆస్పత్రిలో ఎవరూ చెప్పకుండా రాత్రీ పగలూ నేనే కాపలా ఉన్నాను.

"నా కాళ్లకాడనే కూసున్నడు. గా సారు తలుపు తీసి దిగుమన్నడు. నేను చెయ్యి పట్టుకున్న. వాడే ఇడిపించుకున్నడు. నువ్వు పోరా యాదీ, నేను బండ్ల వస్త అన్నడు."

మగత నిద్రలో సారు మాటలు చెవిన పడి ఉంటాయి, మిగిలింది కలగని ఉంటాడు. నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఇక దాచలేక నర్సింగన్న పోయిన సంగతి చెప్పాను. అన్న పైకప్పు వైపు చూశాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"జర గట్టిగ పట్టుకుంటే వాడు ఆగుతుండె. ఎందుకు ఇడిసిన్నే చెల్లె?"

కల వచ్చింది అన్నా, ఊరుకో అనాలి నేను. నోటిదాకా వచ్చింది. అతని మొహం చూశాక ఆ మాట రాలేదు.

"నర్సింగన్న దిగేదాక విమానం లేస్తనే లేకుండె అన్నా," అన్నాను.

అన్న ఏడుపు ఆగింది. అతన్ని ఊరుకోబెట్టడానికే అన్నానో, నిజమని తెలిసే అన్నానో, నాకు ఇప్పటికీ తెలియదు.