వెనుక సీటు అదురు

కారు అదురుతోందని నాకు మొదట చెప్పింది మా అత్తమ్మ. వెనుక చక్రాలకు కొత్త బ్రేకు డ్రమ్ములు వేయించిన మర్నాడే, వెనుక సీట్లో కూర్చున్న ఆమె, "బ్రేకు తొక్కితే సీటు గజగజ వణుకుతున్నది బిడ్డా," అన్నది. స్టీరింగు పట్టిన మా ఆయనకు ఏమీ తెలియలేదు.

మన్నెగూడలో ఆ డ్రమ్ములు వేసిన మెకానిక్ నవ్వాడు. "పెద్దమ్మ మోకాళ్లు వణికినయేమో! లేకుంటే దిష్టి. కొబ్బరికాయ కొట్టు అక్కా."

నాకు ఒళ్లు మండింది. "కాయ నిన్ననే కొట్టినం. నీ తప్పు దేవుని మీదికి నూకకు తమ్మీ, చక్రం ఇప్పు!"

విప్పితే ఏముంది? డ్రమ్ము కూర్చునే చోట పాత తుప్పు గీకకుండానే బిగించాడు, అందుకే అది వంకరగా కూర్చుంది! పిల్లలతో రోజూ సాగర్ రోడ్డెక్కే బండి అది. గీకి మళ్లీ బిగించాక అదురు పోయింది.

మేము కాయ కొట్టిన ఆ స్వామి మమ్మల్ని కాపాడింది మా అత్తమ్మ నోటితోనే. మీ ఇంట దీపం పెట్టేటప్పుడు, ఆమె చల్లగుండాలని ఒకసారి తలచుకోండి.