గానుగ రాయి కోసం బల్మూరు దాకా

గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కేసరికి ఉదయం ఆరున్నర. నేను బయలుదేరింది దర్శనానికీ కాదు, చుట్టపుచూపుకీ కాదు. బల్మూరు దాటాక ఉన్న మా ఊళ్లో, కూలిపోయిన మా దొరల గడీ వెనక, సున్నం నూరే గానుగ రాయి ఒకటి ఉండేది. మనిషి నడుమెత్తు రాతిచక్రం. గడీ దూలాలూ తలుపులూ మా నాన్న కాలంలోనే అమ్ముడుపోయాయి. ఎవరూ కొనకపోవడంతో ఆ రాయి ఒక్కటే మాకు మిగిలింది. మమ్మల్ని అడగకుండా దాన్ని ఊరి చర్చికి దొర్లించుకుపోయారని కబురొచ్చింది. తిరిగి తెప్పించాలని నా ఉద్దేశం. నలుగురికీ ఇచ్చిన వంశమే మాది; మా వస్తువును మమ్మల్ని అడగకుండా ముట్టుకున్నవాళ్లు మాత్రం లేరు.

ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సు కావడంతో సీట్లన్నీ నిండిపోయాయి. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేదాకా నిలబడే ఉన్నాను. కూలికి పోతున్న ఒకామె జరిగి చోటిచ్చింది.

“పెద్దయ్యా, జర గిట్ల కూసో. గద్వాల కోట లెక్క ఎంతసేపు నిలవడ్తవు?”

“ఫర్వాలేదమ్మా.”

“ఫర్వా నీకు లేదు, మాకుంది. మలుపు తిరిగితె మా మీదనే పడ్తవు!”

బస్సంతా నవ్వింది. కూర్చున్నాను.

వనపర్తిలో ఇడ్లీ తిని నాగర్‌కర్నూల్ బస్సు పట్టుకున్నాను. అక్కడ దిగి బస్టాండు ఎదుట భోజనం చేశాను. జొన్నరొట్టె వేడిగా పెట్టారు. అచ్చంపేట మీదుగా బల్మూరు చేరేసరికి రెండు దాటింది. అక్కడి నుంచి ఆటోయే దిక్కు.

“చర్చి కాడికా సార్? రూతమ్మను చూడనీకె పోతున్రా?” అన్నాడు ఆటో అతను.

ఆమె ఎవరని అడిగితే దారంతా చెప్పాడు. పుణేలో బిల్డింగు పనులు చేసి చేసి ఊరికి తిరిగొచ్చిందట. పాత చర్చి గోడలు బీటలిచ్చాయని, పడగొట్టి స్లాబు వేద్దామని పడుచువాళ్లు నిర్ణయించారు. ఈమె అడ్డం పడింది. పాత పద్ధతిలో సున్నంతోనే గోడలు బాగుచేస్తానంది. మొదటి వానకు నిలిస్తే చర్చి ఉంటుంది, లేకపోతే కూల్చేస్తారు. అదీ ఒప్పందం.

“పైస తీస్కోదు సార్. ఆదివారం నలుగురు సాయం వస్తరు. తక్కిన దినాలు ఒక్కతే.”

చర్చి ముందు ఆటో దిగి, రెండడుగులు వేసి ఆగిపోయాను. నేల మీద గుండ్రటి కాలువ, అందులో మా రాయి. రాయికి ఒక దుంగ, దుంగ కొసన ఎద్దు ఉండవలసిన చోట ఒక ముసలామె, రూతమ్మే కావాలి. భుజం మీద గోనెపట్టా మడిచి వేసుకుని, నడుం వంచి లాగుతోంది. ఆమె కదిలితే రాయి కదులుతోంది, కింద సున్నం నలుగుతోంది. ఇంత వయసొచ్చినా అలాంటి దృశ్యం నేను చూసి ఎరగను.

“ఇదేమిటమ్మా, ఎడ్లు లేవా?”

“ఎవరింట్ల ఉన్నయి? అన్నీ ట్రాక్టర్లేనాయె. ఎవరు మీరు?”

“గడీ అబ్బాయిని.”

“అబ్బాయా! నెత్తి నెరిసిపాయె గద దొరా.” ఆగకుండానే అడిగింది. “రాయి కోసం వచ్చిన్రా?”

“అడగకుండా తెచ్చారు.”

“ఎవరి నడగాలె? గడీల తొండలున్నయి, వాటి నడగాల్నా?”

కోపం దిగమింగాను. “సరే, మంచి పనికే కదా. పని అయ్యేదాకా ఉంచుకో,” అన్నాను.

ఆమె దుంగ దించి నిలబడింది.

“మీరిచ్చేదేంది దొరా? మీ గడీకి సున్నం నూరేటప్పుడు ఒక ఎద్దు పడిపాయె. పని ఆగొద్దని మీ తాత దాని జాగల మా నాయినను కట్టిండు. రెండో ఎద్దు పక్కన. ఆ మెడ మీది కాయ సచ్చేదాకా పోలే. సిన్నప్పుడు నేను సేతితోని తడిమిన.”

మా గడీ గోడలు అద్దంలా మెరిసేవి. చిన్నప్పుడు ఎండాకాలం వాటికి చెంప ఆనించి నిలబడేవాణ్ని, ఎంత చల్లదనమో. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ నునుపు గురించి చెప్పాను. ఇది మాత్రం నాకెవరూ చెప్పలేదు.

“మరి నువ్వూ ఇదే రాయి లాగుతున్నావెందుకు?” అన్నాను.

“ఆదివారం ఒక్కటే ఆ మెడ మీద కాడి లేకుండె. పాటలు పాడుకుంట గీ గోడకు మెడ ఆనిచ్చి కూసునెటోడు. సల్లగున్నదనెటోడు. గీ గోడ కూలుస్తమంటె నేనెట్ల ఊకుంట?”

దక్షిణాన ఉరిమింది. ఆమె తలెత్తి చూసి దుంగ భుజానికెత్తుకుంది.

“తీస్కపోతె గిప్పుడే తీస్కపో దొరా. లేకుంటె జర పక్కకు జరుగు. మొగులైంది. ఇంక ఒక్క గోడ ఉన్నది.”

నేను నిలబడింది ఆమె నడిచే దారిలో. పక్కకు జరిగాను.

అటు వెళ్లేవాళ్లు బల్మూరులో ఆటో మాట్లాడుకుని చీకటి పడకముందే తిరిగి రావాలి. గడీలో చూడటానికేమీ లేదు. చర్చి చూడండి, వెళ్లేనాటికి ఉంటే.

తిరుగు బస్సు వనపర్తి దాటగానే అద్దాల మీద వాన మొదలైంది. అందరూ సంబరపడ్డారు. నేను వెనక అద్దంలోంచి బల్మూరు వైపు చూశాను.

“బల్మూరు దిక్కు పడ్డదేమో తెలుసా?” కండక్టరును అడిగాను.

“తెల్వదు సార్. ఏంది, చేనుందా గాడ?”

“గోడ ఉంది.”

“మీదేనా?”

“కాదు,” అన్నాను.