ఇపో మాస్టారి ఆటగాడు

ఇవాళ పొద్దున్న మా కోడలు మనవరాలి జనన పత్రం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అత్తమ్మా, లామినేట్ సేసీండి లా, తడి తగిలితే పాడైపోద్ది" అంది, ఇక్కడి అలవాటు కొద్దీ మాటకి 'లా' తగిలించి. మా ఇళ్లలో అదొక ఆచారం. మా తాతలు ఓడెక్కి వచ్చిన ఈ దేశపు చెమ్మకి కాగితం ఆగదు, మిగిలితే చెదలు తింటాయి. అందుకని రబ్బరు తోటల్లో పనిచేసిన ఆ తాతల గుర్తింపు కాగితాల నుంచి అప్పన్న స్వామి పటం దాకా, చేతికందిన ప్రతిదాన్నీ ప్లాస్టిక్‌లో పెట్టి వేడి మెషిన్‌లోంచి లాగేస్తాం. పైగా నేను ముప్ఫై ఏళ్లు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పినదాన్ని. అక్షరాల అట్టల కోసం కొన్న మెషిన్ బీరువా మీద ఇప్పటికీ ఉంది. అయినా "నావల్ల కాదు, షాపుకి తీసుకెళ్లు" అన్నాను. కోడలు మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు!

ఆ మెషిన్ నేను చివరిసారి ముట్టుకున్నది లాక్‌డౌన్‌లో. మా ఆయన పనిమీద జొహోర్ రాష్ట్రం వెళ్లి అక్కడే ఇరుక్కుపోయారు. కొడుకు హాస్టల్లో. క్లాంగ్ ఊళ్లోని ఈ మూడో అంతస్తు ఫ్లాట్‌లో మిగిలింది నేనూ, మా బావగారూ. బావగారంటే మా ఆయన అన్నగారు, పెళ్లి చేసుకోలేదు. పోర్ట్ క్లాంగ్ రేవులో ఒక గోదాములో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి అమెరికా ఫుట్‌బాల్ కార్డులు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. ఆయనదేమో కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకర్నొకరు కుమ్ముకునే ఆట. ఎప్పుడో ఒక ఓడ పనివాడు గోదాములో వదిలేసిపోయిన బబుల్‌గమ్ కార్డులతో పట్టుకుందట ఆ పిచ్చి. పోనీ ఆట చూస్తారా అంటే, ఒక్కటీ పూర్తిగా చూసిన పాపాన పోలేదు. "ఆట సూస్తే బుర్ర తిరుగుద్దమ్మా. కార్డైతే కుదురుగా నిలబడతాడు" అనేవారు.

బయటికి వెళ్లే దారి లేదు, మాట్లాడటానికి మరో మనిషి లేడు. కూర తరుగుతూ ఆ కార్డుల పురాణమంతా విన్నాను. మొదట్లో పొగాకు పెట్టెల్లో పెట్టేవారట. బొమ్మల సెట్టు పూర్తి కావాలని జనం మళ్లీ మళ్లీ అదే పొగాకు కొనాలి, అదీ ఎత్తు. ఆ తొలి బొమ్మల్లోని వాళ్లు జీతాలు తీసుకునే ఆటగాళ్లు కాదు, కాలేజీ కుర్రాళ్లు. ఒక కుర్రాడి కార్డు మీదైతే పేరు వెయ్యడమే మర్చిపోయారట. చాలా ఏళ్ల తర్వాత పొగాకు పోయి బబుల్‌గమ్ వచ్చింది, బొమ్మలకి రంగులొచ్చాయి. బావగారి దగ్గరున్నవన్నీ బబుల్‌గమ్ కాలానివే. పొగాకు కాలంది ఆయన ఎరిగినంతలో ఒక్కరి దగ్గరే ఉంది. ఆ ఒక్కరూ పక్క రాష్ట్రంలోని ఇపోలో ఉండే రిటైర్డ్ మాస్టారు, బావగారికి నలభై ఏళ్ల స్నేహితుడు. ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చి ఆయన బడిలో పాఠాలు చెప్పిన దొర వెళ్తూ వెళ్తూ ఇచ్చిన కార్డది. మూల విరిగింది, ముఖం సగం వెలిసింది. మాస్టారు మాత్రం దాన్ని రోజూ తీసి వాసన చూసేవారట, పొగాకు వాసన ఇంకా ఉందని. వందేళ్లు దాటిన అట్టముక్కకి వాసనేమిటి, నా మొహం, అనుకున్నాను.

అంతటి కార్డుని బావగారు నోట్‌బుక్‌లో వివరాలు రాసుకోవడానికి వారం రోజులకని అడిగి తెచ్చుకున్నారు. వారం తిరక్కుండానే రోడ్లు మూసేశారు. రాష్ట్రం దాటనివ్వరు.

వానలు పట్టుకున్నాయి. బీరువా వెనక గోడ నల్లగా బూజెక్కింది. ఒక మధ్యాహ్నం బావగారు కునుకు తీస్తుండగా చూద్దును కదా, మాస్టారి కార్డు అంచున తెల్లటి బూజు! పరాయి సొత్తు, మన ఇంట్లో పాడైతే ఎంత అప్రతిష్ఠ! ఇంకేం ఆలోచించలేదు. మెత్తటి గుడ్డతో తుడిచాను, ప్లాస్టిక్‌లో పెట్టాను, మెషిన్‌లో తోసేశాను. అద్దంలా మెరుస్తూ బయటికొచ్చింది. బావగారు లేవగానే మెచ్చుకుంటారని కాఫీతో పాటు తీసుకెళ్లి ఇచ్చాను కూడా.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏటి సేసినావమ్మా?" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. నేను కంగారుపడి కత్తెర తీస్తే చెయ్యి పట్టుకున్నారు. "వద్దు. ప్లాస్టిక్ పీకితే దాంతోపాటు బొమ్మా ఊడొచ్చేస్తాది."

మాస్టారు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేవారు. స్పీకర్ పెడితే తప్ప బావగారికి వినబడదు. "మా కుర్రోడెలాగున్నాడు, తమ్ముడూ?" అని కార్డులోని కుర్రాడి గురించి అడిగేవారు. "బాగున్నాడు మాస్టారూ." రెండు గదుల ఇల్లు, ఎక్కడ నిలబడ్డా వినిపిస్తుంది. తేలు కుట్టిన దొంగలా వంటగదిలో నిలబడేదాన్ని. తలుపు తీసుకుని ఎటైనా పోదామంటే కిందే పోలీసులు. ఎన్ని నెలలు విన్నానో ఆ రెండు ముక్కలూ!

దారులు తెరవగానే ఇద్దరం రైలెక్కి ఇపో వెళ్లాం. "నేనే చెప్తాను బావగారూ" అన్నాను, దారంతా మాటలు కూర్చుకున్నాను. మాస్టారు కవరు విప్పారు. మాస్కు కిందికి లాగి, అలవాటు కొద్దీ కార్డుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒకసారి తిప్పి, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత తలెత్తి మా ఇద్దరి వంకా చూశారు.

"నానే సేసినాను మాస్టారూ. బూజు పట్టేసినాదని" అన్నారు బావగారు.

నేను పక్కనే ఉన్నాను, చేతిలో మురుకుల డబ్బాతో. ఆ డబ్బా బల్ల మీద పెట్టాను, అంతే. మాస్టారు "సర్లే" అని కార్డు సొరుగులో పెట్టేశారు. టీ ఇచ్చారు, వానల గురించి మాట్లాడారు, గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. ఆ మర్నాడు ఆరింటికి ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. బావగారు చేస్తే మాస్టారి భార్య ఎత్తి "పడుకున్నారు లా" అనేది.

ఒకసారి ఉండబట్టలేక, "నేను ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను బావగారూ" అన్నాను. ఆయన కార్డుల ఆల్బమ్‌లోంచి తలెత్తలేదు. "ఒగ్గెయ్యమ్మా. నానైతే నలభై ఏళ్ల స్నేహితుణ్ణి, ఎప్పుడో ఒకనాటికి మన్నిస్తాడు. నిన్నెందుకు మన్నించాల?" అన్నారు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట అన్నందుకు లోలోపల సంతోషించాను కూడా. సిగ్గులేని మనిషిని.

ఆయనన్న ఆ ఒకనాడు ఇంకా రాలేదు. బావగారు ఇప్పటికీ ఆరయ్యేసరికి టీవీ గొంతు తగ్గిస్తారు. మాస్టారి నంబరు నా ఫోన్‌లో ఉంది, ఇవాళ చేస్తాను, రేపు చేస్తాను అనుకుంటూనే ఉన్నాను. కాలమే అన్నీ మాన్పుతుందని పెద్దలంటారు. నేను చెప్పాల్సిన మాట చెప్పకుండా దాని మీద భారం వేసి కూర్చుంటే అది మాత్రం ఏం మాన్పుతుంది, ఇద్దరు ముసలివాళ్ల ఆయువు లోంచి రోజుకో సాయంత్రం తీసుకుని తన దారిన తాను పోతోంది.