ఎల్లమ్మక్క ధనియాల్లో కూర్చున్న వారం

పక్కవాటాలో ఎండుమిరపకాయలు మాడితే సంతోష్‌నగర్‌లోని మా ఇంట్లో ఒక్కరూ నిలవరు. పిల్లలు దగ్గుతూ వీధిలోకి పరుగెడతారు. మా ఆయన కిటికీలన్నీ తెరిచి పక్కవాళ్లను వాళ్లకు వినబడనంత మెల్లగా తిడతాడు. నేను మాత్రం కూర్చున్నచోటే ఉంటాను. ఈ ఉదయమూ అంతే. ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల గోదాములో పనిచేసిన ముక్కు ఇది. అక్కడ ఎవరైనా తుమ్మితే "చిరంజీవ" అనే అలవాటు ఉండేది కాదు. ఉంటే అందరం అమరులమయ్యేవాళ్లం. ఎల్లమ్మక్క కూడా ఇప్పటికీ బతికుండేది.

తొడిమలు తీసే ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద. శాలిబండ నుంచి ఇద్దరం కలిసి నడిచి వెళ్లేవాళ్లం. గంజ్ మొత్తంలో ఆమె చేతి వేగం ఎవరికీ లేదు. మాతో మాట్లాడుతూనే ఉండేది, పక్కన కుప్ప పెరుగుతూనే ఉండేది. నాకు పని నేర్పింది ఆమే. "నీ నోటికున్న జోరు చేతికి రావాలె పోరీ" అనేది. "చేతికొస్తే నోటికి పనేముంటది అక్కా?" అనేదాన్ని.

ఒక ఏడాది ఎండలు ముదురుతుండగా ఆమె ఎడమ రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, గట్టిపడింది. అన్నం తింటూ మామూలుగా చెప్పింది, మేమూ మామూలుగానే విన్నాం. రవికెలోకి మిరప దుమ్ము పోయి, దానికి చెమట తోడై, ఎర్రబడని మనిషి మాలో లేదు. ఒకరు కొబ్బరినూనె రాయమన్నారు, ఒకరు మజ్జిగ. "జెర చింతపండు, ఉప్పు కూడ పెట్టు అక్కా, తొక్కయితది" అన్నాను నేను. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది.

కానీ ఆమెకు అనుమానం ఉంది. మరునాడు గోదాములో లెక్కలు రాసి పనులు పంచే మునీమ్ దగ్గరకెళ్లి, "సాబ్, కొన్ని దినాలు ధనియాలల్ల కూసుంట. మంట తగ్గుతదో లేదో చూస్త" అని అడిగింది.

"అరే ఎల్లమ్మా, ధనియాలు ముసలోళ్లు గూడ చెరుగుతరు. నీ అసొంటి చెయ్యి నాకు యాడ దొరుకుతది? సీజన్ అయిపోనీ" అన్నాడాయన. అది పొగడ్త. గోదాములో పొగడ్తకు జవాబు ఉండదు.

"సీజన్ ఎప్పుడైపోతది సాబ్?" అన్నాను నేను.

"నీ నోరు మూసుకున్నప్పుడు" అన్నాడు మునీమ్. కాబట్టి సీజన్ అయిపోలేదు.

వానలు మొదలయ్యాక కబురు వచ్చింది. ఒక ధర్మాసుపత్రి వాళ్ల బండి గంజ్ గేటు దగ్గరకు వస్తుందట, ఆడకూలీలకు రొమ్ములో గడ్డలున్నాయేమో లేడీ డాక్టర్ చూస్తుందట. షామియానా, పూలదండలు సేఠ్‌ల ఖర్చు. ముందుగా ఒక నర్సు వచ్చి ఎలా సిద్ధం కావాలో చెప్పింది. శుభ్రంగా స్నానం చేయాలి. పౌడరు వద్దు. ముందు హుక్కులున్న వదులు రవికె వేసుకోవాలి. ఈలోగా పడుకుని, ఎవరి వేళ్లతో వాళ్లు తడిమి చూసుకోవాలి.

మేమంతా మా చేతుల వంక చూసుకున్నాం. "ఈ వేళ్లతోనా సిస్టర్? మేము ముక్కు గూడ మోచేత్తోనే తుడుసుకుంటం" అన్నాను.

నర్సు మా అరచేతులు పట్టి చూసి, వెంటనే వదిలేసి, తన చేతులు తుడుచుకుంది. వీళ్లను వారంపాటు మిరపకాయలకు దూరంగా ఉంచకపోతే డాక్టర్ చేతులు మండుతాయని మునీమ్‌తో చెప్పింది. ఎల్లమ్మక్క రొమ్ముకు దొరకని ధనియాలు డాక్టరమ్మ చేతులకు ఒక్క మాటతో దొరికాయి.

ఆ వారం అందరం ధనియాల్లోనే కూర్చున్నాం, గోదాములో పెళ్లి సందడి. ఒకరు శనగపిండితో చేతులు రుద్దుకుంటే ఇంకొకరు రవికె హుక్కులు ముందుకు మార్చి కుట్టుకున్నారు. రోజూ సాయంత్రం గోదాము వెనక నల్లా దగ్గర ఎవరి మంట ఎంత తగ్గిందో చెప్పుకునేవాళ్లం. బండి రావడానికి ముందురోజు ఎల్లమ్మక్క నన్ను ఆపింది.

"నీది తగ్గిందా?"

"తగ్గింది అక్కా."

"మన పక్కన కూసునే సాయమ్మది?"

"మంట పోయి పాత తోలు గూడ ఊడింది."

"నాది గట్లనే ఉన్నది. అంటే ఇది మిరప మంట కాదు." నేను నల్లా తిప్పి, కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంటుంటే, "ఏందే, నోరు పడిపోయిందా?" అంది.

"ఆలోచిస్తున్న అక్కా."

"నువ్వా! అయితే నాకు మస్తు పెద్దదే వచ్చినట్టున్నది."

మరునాడు బండిలో తోడుగా నేనే ఉన్నాను. చేయి వేయకముందే డాక్టరమ్మ ముఖం మారింది. ఇన్ని నెలలు ఎందుకు ఊరుకున్నావని కోప్పడింది. ఎల్లమ్మక్క తెర సందులోంచి బయటకు చూసింది. షామియానా కింద మునీమ్ సేఠ్‌లకు చాయ్ అందిస్తున్నాడు.

"సీజన్ అయిపోలేదమ్మా" అంది.

పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ క్యాన్సర్ అనీ, అప్పటికే ఒళ్లంతా పాకిపోయిందనీ అన్నారు. చలికాలం రాకముందే ఆమె పోయింది. చివరిసారి శాలిబండ ఇంట్లో చూసినప్పుడు ఆమె చేతులు మెత్తగా, తెల్లగా, ఎవరో షావుకారు భార్య చేతుల్లా ఉన్నాయి. నా వేళ్లు పట్టుకుని, "గోదాముల ఇప్పుడు నీదే జోరు కదా?" అని అడిగింది. అవునన్నాను, కాస్త గర్వంగానే.

"జెర నిదానంగ తియ్యి పోరీ. మంచిగ తీస్తే ఇడువరు."

దినాలు కాగానే మునీమ్ గోదాముకొచ్చి, ఎల్లమ్మలాంటి చెయ్యి మళ్లీ దొరకదని బాధపడ్డాడు. బాధపడుతూనే నా కుప్ప వైపు చూశాడు. ఆ మధ్యాహ్నం నుంచి నా కుప్ప పెరగడం తగ్గింది. ముసలివాళ్లు కూడా నన్ను దాటిపోయారు.

ఇప్పుడు ఒక కుట్టు కేంద్రంలో పనిచేస్తున్నాను. నన్ను మించిన నత్త లేదని అక్కడ పేరు. కొత్తగా వచ్చిన పిల్లలు కూడా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఒంట్లో బాగాలేదని చెబితే మాత్రం, నాకు ఆ రోజే సెలవు దొరుకుతుంది.