హన్నమ్మ పాతిన కర్ర

మా అక్క కూతురు హన్నమ్మకు చేనే లోకం. కలిదిండి అవతల ఆ మూడెకరాలు తండ్రి పోయిన నాటి నుంచి ఒంటిచేత్తో చేసింది. పెళ్లి మాటెత్తితే ముందు ఊడ్పులు కానివ్వండి అనేది. ఊడ్పులు అయ్యేవి, కోతలూ అయ్యేవి, పెళ్లే కాలేదు.

తాడేపల్లిగూడెంలో టీచరుగా చేసే దాని తమ్ముడు ఎడ్విన్ మొన్న వేసవిలో చేను పంచుకుందామన్నాడు. మా వైపు పెద్దవాళ్లు పంచాలి, చిన్నవాళ్లు కోరుకోవాలి. తమ్ముడు వదిలేసిన ముక్క మీదే హన్నమ్మ బతకాలి. అందుకని ఏది మిగిలినా ఏడవక్కర్లేకుండా పంచాలి.

పంచడం ఎంతసేపు అనుకున్నాను. తూర్పు పల్లం నల్లమట్టి. పండితే బస్తాలకు బస్తాలు, వాన ముంచితే గింజ దక్కదు. పడమటి మెరక మునగదు, కానీ వేసవిలో వేసే రెండో పంట దాళ్వాకి కాలువ నీరు ఎక్కదు. ఎంత మెరక ఇస్తే పల్లానికి సరి? హన్నమ్మ హద్దుగా కర్ర పాతింది. మర్నాడు పీకి పల్లంలోకి జరిపింది. సాయంత్రానికి మళ్లీ వెనక్కి. ఇద్దరికీ రెండూ వచ్చేలా చీల్చమంటే, ఆ సన్నపు చీలికల్లో కోత మిషను తిరగదంది.

"పోయినేడు పండింది చూసి కట్టవే" అన్నాను.

"పోయినేడు మునగలేదు కదండీ పిన్నీ. అంతకు ముందేడు మునిగింది. ఏ ఏటి పంట చూసి నేలకి విలువ కట్టమంటారు?"

తోచలేదని చెప్పే అలవాటు నాకు లేదు. మజ్జిగ తాగి వచ్చేశాను.

ఎడ్విన్ మట్టి పరీక్ష చేయించాడు. పల్లం మట్టి బలమైనదట. అయినా గట్టు మీద నిలబడి, నీకేది కావాలో చెప్పక్కా, రెండోది నేను తీసుకుంటానన్నాడు.

"నాకు తెలిస్తే ఈ కర్ర ఇన్నిసార్లు పీకుతానంట్రా?" అంది హన్నమ్మ.

చివరికి వాడు పల్లమే కోరుకున్నాడు. సంతోషించాలో ఏడవాలో తెలియక ఈవిడకు అన్నం సయించలేదు.

నవంబరు వానకు పల్లం మునిగింది. గెలిచావే అందామని వెళ్లాను. తీరా చూస్తే తన ఇంజను పెట్టి తమ్ముడి చేలో నీళ్లు డ్రెయిన్లోకి తోడుతోంది.

"దాళ్వాకి నా మెరక ఎండితే వాడొస్తాడంటారా పిన్నీ?"

"వాడికి ఇంజను తిప్పడమే రాదు" అన్నాను.

హన్నమ్మ హద్దు కర్ర వంక చూసింది.

"అయితే ఇంకాస్త జరిపి పాతాల్సిందండీ."

ఎటు జరపాలో నేనడగలేదు. తనకు తెలిసినట్టూ లేదు.