బహద్దూరుకు రాసిన పథ్యం

మా ముత్తాత ఆస్పరి చుట్టుపక్కల పదకొండు ఊళ్ళకు పెద్ద. మా తాత గుర్రబ్బండిలో ఆదోని బజారుకు వస్తే పత్తి వ్యాపారులు గద్దెల మీద నుంచి లేచి నిలబడేవారు. ఆయనకు ఆరు వేటకుక్కలు, వాటికి వండిపెట్టడానికి ఒక మనిషి, అవి తినడానికి ఒక పెద్ద వెండి గిన్నె ఉండేవి. మా నాయన కాలానికి ఊళ్ళు పోయాయి, గుర్రాలు పోయాయి, కుక్కలూ పోయాయి. నా వంతుకు వచ్చేసరికి ఆదోనిలో ఒక పాత ఇల్లు (వానాకాలంలో ముందు వసారా ఒక్కటే పొడిగా ఉండేది), మా అవ్వ, ఆ వెండి గిన్నె, వంగడం తెలియని వెన్నెముక మిగిలాయి. ఆ రోజుల్లో మనిషికి కడుపు నిండకపోయినా ఫరవాలేదు కానీ, నిండలేదని నలుగురికీ తెలియకూడదు అనుకునేవాణ్ణి. ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా ఉంటూ, రోజూ మా తాత చేతికర్ర పట్టుకుని పనికి పోయేవాణ్ణి. ఇరవై రెండేళ్ళవాడికి చేతికర్ర ఎందుకని ఎవరూ అడగలేదు. అడగకపోవడాన్ని గౌరవం అనుకున్నాను.

వేటకుక్క లేని ఇల్లు మా ఇల్లు ఎలా అవుతుందని నాకు ఒకటే బాధ. ఒకనాడు ఆస్పరి వైపు నుంచి ఒక గొర్రెల కాపరి గంపలో కుక్కపిల్లలతో వచ్చాడు. "దీని తల్లి తోడేలును తరిమి పట్టింది సామీ. ఆరు నెల్లకు నీ నడుము కాడికి వస్తాది సూడు. ఊరికే తీస్కో" అన్నాడు. మా వంశంలో ఊరికే తీసుకున్నవాడు లేడు కనుక, మా తాత జరీ తలపాగా తెచ్చి ఇచ్చాను. అతను దాన్ని కళ్ళకద్దుకుని, అక్కడే గంపలో మిగిలిన పిల్లల కింద మెత్తగా పరిచాడు.

పిల్లకు బహద్దూరు అని పేరు పెట్టాను. నాలుగు నెలలు గడిచాయి. చెవులు పెరిగాయి, తోక పెరిగింది, పొట్ట ఉబ్బింది. ఈ మూడింటికీ మధ్య ఉండవలసిన కుక్క మాత్రం పెరగలేదు. పక్కింట్లో పరుపులు కుట్టే ఆమె రోజూ గోడ మీదుగా పలకరించేది. "ఏమప్పా, నీ బహద్దూరు ఇంగా గడప దాటలేదా? మా పిల్లిని పంపేదా, ఎగరడం నేర్పుతాది?"

వాడికి తిండి ఏమిటంటే, పొద్దున నీళ్ళు కలిపిన పాలు, మధ్యాహ్నం గంజి, రాత్రి జొన్న అంబలి. వాటిలో పాలు తప్పితే మేము తినేదీ అదే. కాకపోతే మేము వీధి తలుపు వేసుకుని తినేవాళ్ళం. తిన్న తరువాత అవ్వ వసారాలోకి వచ్చి, వీధికి వినబడేటట్టు, "ఈ పొద్దు పప్పులో నెయ్యి శానా ఎక్కువాయె నాయనా!" అనేది. కుక్కను వీధిలోకి వదిలితే నాలుగు ఎంగిలాకులు దొరికేవి. కానీ మా ఇంటి కుక్క ఒకరి వాకిట తినడమా? వాణ్ణి స్తంభానికి కట్టేశాను.

చివరికి పశువుల డాక్టరుకు చూపించాలని నిశ్చయించాను. ఆదోనిలో మా పొయ్యి మీద ఏం ఉడుకుతుందో అందరికీ ఎంతో కొంత తెలుసు కనుక, మమ్మల్ని ఎరగని ఎమ్మిగనూరుకు పోయాను. బస్సులో కండక్టరు సంచి వైపు చూసి, "ఏముందప్పా అండ్లో?" అన్నాడు. "వేటకుక్క" అన్నాను. సంచి మూతి విప్పి తొంగి చూశాడు. "దేన్ని యాటాడతాదప్పా, సీమల్నా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను ఎమ్మిగనూరు దాకా కిటికీలోంచి చేల వైపే చూశాను.

ఆసుపత్రి వసారా నిండా ఎద్దులు, ఆవులు, నందవరం వైపు రైతులు. డాక్టరు లావుపాటి మనిషి. బహద్దూరును బల్ల మీద పెట్టి పొట్ట నొక్కి, "ఏం పెడ్తాండావప్పా దీనికి?" అన్నాడు. నా వెనక ఎర్ర తలపాగా చుట్టిన రైతు ఒకడు మెడ చాచి వింటున్నాడు. నా వెన్ను దానంతట అదే నిటారైంది.

"పొద్దున శేరు చిక్కటి పాలు. మధ్యాహ్నం నెయ్యన్నం. వారానికి మూడుసార్లు మాంసం. అన్నీ వెండి గిన్నెలో" అన్నాను. (గిన్నె మాట నిజం.)

"అదీ సంగతి! పొట్ట సూడు, డోలు మాదిరి ఉండాది. కొవ్వు తిండి అరగక ఎదగలేదు. పాలు సగం చెయ్యి. నెయ్యి, మాంసం బంద్. దినం మార్చి దినం ఆముదం పొయ్యి."

"తిని సెడిన కుక్కను ఈ పొద్దే సూస్తిమి" అన్నాడు ఎర్ర తలపాగా.

డాక్టరు రాసిన పథ్యం నేను చెప్పిన కుక్కకు. సంచిలో ఉన్నది వేరే కుక్క. ఆ సంగతి బస్సులోనే తెలుసు నాకు. కానీ ఇంటికి రాగానే అవ్వ చీటీ చదివించుకుంది. "డాక్టరు రాసినాడంటే రాసినాడే. మనం దానికి ఎక్కువే పెడ్తాంటిమి" అని ఆ పూట నుంచే పాలు సగం చేసింది. మా ఇంట్లో తిండి తక్కువ అనే మాట అవ్వ దగ్గర ఎత్తడం మా తాతను తిట్టడంతో సమానం. నోరు మూసుకుని ఆముదం పోశాను.

అయిదో రోజు మిల్లు నుంచి వచ్చేసరికి బహద్దూరు నన్ను చూసి లేవబోయాడు. ముందు కాళ్ళు లేచాయి, వెనక కాళ్ళు లేవలేదు. గడ్డం వెండి గిన్నె అంచుకు ఆనించి, పడుకునే తోక ఊపాడు. ఖాళీ గిన్నె తళతళ మెరుస్తున్నది. వీడు రేపో ఎల్లుండో చచ్చిపోతాడని, వీణ్ణి చంపేది నా నోరేనని అప్పుడు తెలిసింది.

మరునాడు పొద్దున్నే మళ్ళీ ఎమ్మిగనూరు బస్సెక్కాను. వాణ్ణి ఎత్తుకోవడానికి రెండు చేతులూ కావలసి వచ్చి చేతికర్ర ఇంట్లోనే పెట్టాను. ఆసుపత్రిలో డాక్టరు ఒక ఆవుకు చూడి పరీక్ష చేస్తున్నాడు. ఎర్ర తలపాగా తన ఎద్దుకు కట్టు మార్పించడానికి మళ్ళీ వచ్చి ఉన్నాడు.

"డాక్టరుగారూ, కొంచెం పక్కకు వస్తే ఒక మాట."

"ఈడనే సెప్పప్పా. నా చెయ్యి ఆవులో ఉండాది."

"ఆ రోజు పాలు అన్నాను కదా. అవి నీళ్ళ పాలు..."

"గట్టిగా సెప్పు! ఆవు అరుస్తాంది!"

"నెయ్యి లేదు! మాంసం లేదు!"

"ఆఁ?"

"మా ఇంట్లో తిండి లేదు!" అని బలంగా అరిచాను. సరిగ్గా అప్పుడే ఆవు నోరు మూసింది.

పదకొండు ఊళ్ళూ ఒక్కసారి నా వైపు తిరిగి చూసినట్టయింది. నవ్వు కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాను.

"మా ఇంట్లో మాత్రం యాడుంది?" అన్నాడు ఎర్ర తలపాగా. "వానల్లేక రెండేండ్లాయె. దానికి ఇంత అరుపెందుకప్పా? ఎద్దు బెదిరె."

అని మూట విప్పి ఒక జొన్నరొట్టె తీశాడు. పక్కనున్న ముసలమ్మ తన చెంబులోని మజ్జిగ అక్కడున్న ఒక మట్టి మూకుడులో పోసింది. రొట్టె తుంచి నానబెడితే బహద్దూరు తల అందులో మునిగిపోయింది, చెవులు మాత్రమే కనబడ్డాయి. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి చూశాడు. "పొట్టలో పురుగులు, పొట్ట సుట్టూ ఆకలి. పురుగులకు మందిస్తా. ఆకలికి నువ్వు తాడు విప్పు. పది వాకిండ్లు తిరిగి తింటేనే అది కుక్క." తరువాత నా ముఖంలోకి చూసి, "నువ్వు తిన్నావా పొద్దున?" అన్నాడు.

వెన్ను మళ్ళీ నిటారైంది. నోరు తెరుచుకుంది. "నెయ్యి..." అన్నాను.

"నెయ్యి లేదులే, తిను" అని ఎర్ర తలపాగా మిగిలిన రొట్టె, చెనిక్కాయల పొడి నా చేతిలో పెట్టాడు. రెండు ఎద్దుల మధ్య గొంతుక్కూర్చుని తిన్నాను. మా వంశంలో పరాయివాడి మూటలోంచి తిన్న మొదటివాణ్ణి నేనే. అంత రుచైన తిండి మా తాత కూడా తిని ఉండడు.

బహద్దూరు పెరిగాడు. నడుము దాకా కాదు, మోకాలి దాకా. పరుపుల ఆమె పిల్లికి చచ్చేదాకా భయపడ్డాడు. వీధిలో అందరి ఇళ్ళలో తిని, మేము తినే వేళకు వచ్చి తలుపు గీకేవాడు. ఆ గీకుడు పడలేక అవ్వ తలుపు తీసే ఉంచడం మొదలుపెట్టింది. కంచంలో ఏముందో వీధికి కనబడుతున్నాక నెయ్యి సంగతి అరిచి చెప్పడం కుదరలేదు.

ఆ చేతికర్ర ఇప్పటికీ ఉంది. ఈ వయసులో నాకు నిజంగానే దాని అవసరం పడింది. ఎవరైనా "తిన్నావా?" అంటే నా వంగిన వెన్ను ఒక్క క్షణం నిటారు కావాలని చూస్తుంది. దాన్ని చూసి నాలో నేనే నవ్వుకుని, "లేదప్పా, పెట్టు" అంటాను. బహద్దూరు బతికినన్నాళ్ళూ మట్టి మూకుడులోనే తిన్నాడు. వెండి గిన్నెను ఆ వేసవిలోనే అమ్మేశాము.