పిండిముద్ద సాక్షిగా పెద్ద టైర్లు

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేమీ కాదు, జేబులో ఫోనూ ఫోనులో దారి చూపే పటమూ వచ్చేసిన రోజులే) నేను బాన్సువాడలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. కొలవని దాన్ని నమ్మకూడదని పిల్లలకు బోధించి, ఇంటికి వచ్చి అదే పద్ధతిలో ఇంటిల్లిపాదినీ వేధించేవాణ్ణి. కుండ నీళ్లు ఒంటికి మంచివని అక్క అంటే ఆధారమేమిటని అడిగేవాణ్ణి. తుమ్మితే ఆగి బయలుదేరాలని మేనత్త అంటే, ఆగినవాళ్లలో ఎందరు బాగుపడ్డారో, ఆగనివాళ్లలో ఎందరు చెడిపోయారో లెక్క తీసి చూపమనేవాణ్ణి. అటువంటి మనిషి తన జీవితంలోకెల్లా ముఖ్యమైన రోజున, ఇతరుల మూఢనమ్మకం వల్ల కాకుండా, తాను స్వయంగా పరీక్షించి ఖాయపరచిన సంగతి వల్లనే నడిరోడ్డు మీద దిక్కులేకుండా నిలిచిపోవడం తలచుకుంటే ప్రకృతికి న్యాయదృష్టి ఉందని నమ్మాలనిపిస్తుంది. (ఆధారం లేదు కనుక నమ్మను.)

అదే కళాశాలలో గణితం చెప్పే అమ్మాయీ నేనూ పెళ్లి చేసుకోవాలనుకున్నాం. వాళ్లది వర్ని దగ్గర కాలువ కింది ఊరు. కోస్తా నుంచి వచ్చి అక్కడ వరి పండిస్తూ స్థిరపడిన కుటుంబం. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు గానీ, అందరి ఒప్పుకోళ్లూ ఎవరి ఒప్పుకోలు మీద ఆధారపడి ఉన్నాయో ఆ తాతగారు మాత్రం చాలాకాలం మౌనంగా ఉండిపోయారు. చివరికి నన్ను పిలిపించారు. మాటల్లో ముహూర్తం ప్రస్తావన వచ్చింది. నేను ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. ముహూర్తం మంచిదైతే కాపురం మంచిదవుతుందనడానికి రుజువు లేదని, ఎంతో మర్యాదగా, ఉదాహరణలతో సహా విన్నవించాను. ఆయన అంతా విని, పై కండువా సర్దుకున్నారు.

“నమ్మకం లేకపోతే లేకపోయింది అబ్బాయ్, దానికేం గానీ, టైముకి మాత్రం రా. మా పిల్ల పీటల మీద కూర్చున్నాక నీ కోసం ముహూర్తం దాటిందా, ఇంక ఆ పెళ్లి నా వాకిట్లో జరగదు.”

ఆయన అన్నమాట తప్పినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ గుర్తులేదని అమ్మాయి నాతో చెప్పింది. (ఈ ఒక్క సంగతికి నేను ఆధారం అడగలేదు. ఆమె ముఖమే చాలింది.) అలా ముహూర్తాన్ని నమ్మనివాడికి, నమ్మేవాళ్లందరికంటే ఎక్కువగా ముహూర్తం భయం పట్టుకుంది.

భయానికి కారణం దారి. నాకొక పాత చిన్న కారు ఉండేది. బురద పొలాలు దున్నే ట్రాక్టర్లు ఆ ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కడం వల్ల కాలువ వెంట దారంతా చాళ్లు పడి, నా కారు అడుగు నేలకు గీసుకుపోయేది. మా అక్క భర్త, మహమ్మద్ నగర్ పక్కన సేద్యం చేసుకునే మా బావ, ఒక ఆదివారం ఆ కారు చుట్టూ తిరిగి తీర్పు చెప్పాడు.

“ఏంది బామ్మర్ది, గీ కారు కప్పలెక్క నేలకంటుకొని పోతుంది. నా దోస్తు బండియి పెద్ద టైర్లున్నయి, రింగులతోని సహా. ఏసేద్దాం. ఇగ సూడు, ఏనుగెక్కినట్టుంటది. నేలకు జానెడు లేస్తది, పికప్ పెరుగుతది, పెట్రోల్ గూడ తక్కువ తాగుతది. ఫికరే లేదు.”

నేను కాగితం తీశాను. టైరు ఎంత ఎత్తు పెరిగినా కారు లేచేది అందులో సగమే, ఎందుకంటే ఇరుసు ఉండేది చక్రం మధ్యలో. కాబట్టి జానెడు అబద్ధం, రెండు వేళ్ల మందం నిజం. పికప్ పెరగదు, తగ్గుతుంది; సైకిలు మీద పెద్ద గేరు వేసి గట్టు ఎక్కినట్టు ఉంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. వేగం చూపే మీటరుకు ఇరుసు ఎన్నిసార్లు తిరిగిందన్నదే తెలుసు, చక్రం పెద్దదైందని దానికి ఎవరూ చెప్పరు కనుక అది తక్కువ చూపుతుంది. ఇలా బావ మాటలన్నిటినీ కొట్టేశాక, రెండు వేళ్ల మందం ఆ దారికి చాలునని నేనే తేల్చి, టైర్లు వేయించడానికి ఒప్పుకున్నాను. (“గదే కదరా నేను జెప్పింది” అన్నాడు బావ.)

ఇక మిగిలింది ఒకే అనుమానం. పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకుంటే? దీనికి నేను చేసిన ప్రయోగం గురించి ఇప్పటికీ నాకు ఒక రకమైన గర్వం, అంతకు మించిన సిగ్గు ఉన్నాయి. అక్క చపాతీలకు కలిపిన పిండిలోంచి ముద్దలు తీసుకుని, మడ్‌గార్డుల లోపలివైపు అంటించి, స్టీరింగును కుడికీ ఎడమకూ పూర్తిగా తిప్పాను. పిండి చెదరలేదు. ప్రయోగ ఫలితాన్ని ఎవరి బరువూ పాడుచేయకూడదనే శాస్త్రీయ జాగ్రత్తతో, కారులో ఎవరినీ ఎక్కనివ్వలేదు, నేనూ ఎక్కలేదు. బయట నిలబడి, కిటికీలోంచి చేయి పెట్టి తిప్పాను. పిండి పోయిందని అక్క మాత్రం చాలాసేపు అన్నది. విజ్ఞానానికి ఎప్పుడూ ఇంట్లోనే ఎదురుదెబ్బ అనుకున్నాను.

పిండి ప్రయోగం సంగతి అమ్మాయికి గొప్పగా చెప్పుకున్నాను. పెళ్లి దాకా ఒంటరిగా కళాశాలకు వెళ్లివచ్చాను. నేను ఊహించినట్టే కారు మందకొడి అయింది, స్టీరింగ్ భుజాలకు పని చెప్పింది, మీటరు చూపే వేగానికీ ఫోను చూపే వేగానికీ నా లెక్క ప్రకారమే తేడా వచ్చింది. లెక్కలన్నీ సరిపోతుంటే మనిషికి కలిగే ప్రశాంతత ఎంత ప్రమాదకరమో అప్పటికి తెలియదు.

పెళ్లినాడు పొద్దున బావ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన మా మేనత్త (ఆమె కూర్చోగానే కారు ఆ పక్కకు నమస్కారం పెట్టింది). వెనుక నేను, దీపం పట్టుకున్న అక్క, మా ఇద్దరి మధ్య ఇత్తడి బిందెలు. డిక్కీలో సారె, బియ్యం, కొబ్బరికాయల బస్తా. మీటరు తక్కువ చూపుతోందని బావ మరచిపోయి దాని ప్రకారమే నడిపాడు. గతుకుల్లో వెనుక ఏదో గర్రుమన్నది, రాళ్లని సరిపెట్టుకున్నాను. అనుకున్నదానికంటే చాలా ముందే ఊరి పొలిమేర చేరాం. ఎదురుకోలుకు వచ్చినవాళ్లు, డప్పులవాళ్లు అక్కడే సిద్ధంగా ఉన్నారు. “టైము మస్తుంది, ఆడనియ్యి” అన్నాడు బావ. నేను చేతి గడియారం చూసి, లెక్క వేసి, ఉందని ధ్రువీకరించాను. అదే చివరి సంతోషం.

డప్పుల వెనుక పెళ్లికొడుకు కారు నడిచే వేగం మీకు తెలుసు. ముందు నాట్యమాడేవాళ్లు రెండడుగులు ముందుకు వేసి ఒకటిన్నర వెనక్కు వేస్తారు. పెద్ద చక్రాల మీద నా కారుకు మొదటి గేరులోనూ అంత నిదానం రాదు. కాబట్టి బావ క్లచ్‌ని సగం తొక్కి పట్టి నడిపించాడు. ఈ సంగతి నా కాగితం మీద ఉంది. ‘మందకొడి’ అనే ఒక్క మాటలో ఉంది. ఆ మాటకు వాసన ఉంటుందని మాత్రం అప్పుడే తెలిసింది. ఏదో కాలిపోతున్నదని మేనత్త దీపం వైపు అనుమానంగా చూసింది. అక్క దీపాన్ని దూరంగా పట్టుకుని, తనది కాదన్నది.

కాలువ వంతెన దిగగానే తాతగారి వీధికి తిరిగే ఇరుకు మలుపు. బావ స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు, కారు పల్లంలోకి ఒరిగింది, ముందు టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కును పట్టుకుని చుట్టేసుకుంది. ఇంజను మొరిగింది, కారు కదలలేదు. క్లచ్ అప్పటికే పరలోకం చేరింది. ఆడుతున్నవాళ్లు పాట మారిందేమోననుకుని ఇంకా జోరుగా ఆడారు.

పెళ్లికొడుకు నేల మీద కాలు పెట్టరాదు. ఆడపిల్లవారు వాకిట్లో కాళ్లకు నీళ్లిచ్చాకే దిగాలి. ఆ వాకిలి కళ్ల ముందే కనిపిస్తోంది. గేటు దగ్గర తెల్లటి కండువా, మణికట్టు వైపు వంగిన ఒక తల కూడా కనిపిస్తున్నాయి. నా గడియారంలో ముల్లు నా పక్షాన లేదు. పీటల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది. నా జన్మలో మొదటిసారి, ఎవరైనా తుమ్మితే బాగుండును, కారణం దొరికేది అనిపించింది.

కొందరు నెట్టారు, కదలలేదు. అప్పుడు భౌతికశాస్త్రం నాలో మేలుకొని, బరువు దిగితే కారు లేచి టైరుకు సందు దొరుకుతుందని చెప్పింది. చెప్పాను. మేనత్త నావైపు తిరిగింది.

“నేను పొద్దుగాల నుంచి చాయ్ దప్ప ఏం ముట్టలే. నా బరువేందిరా?”

ఆమె దిగింది. అక్క దిగింది. బిందెలు, సారె, బస్తా దిగాయి. బావ దిగి, బయటి నుంచి కిటికీలో చేయి పెట్టి స్టీరింగ్ తిప్పి చూశాడు. ముందు టైరు వదిలింది గానీ, నా వైపు వెనుక టైరు ఇంకా రాసుకుంటూనే ఉంది. కారులో నేను ఒక్కణ్ణే మిగిలాను, నుదుట బాసికంతో, ఒళ్లో కొబ్బరికాయతో. బావ కిటికీలోంచి నన్ను చూశాడు.

“మిగిలింది నువ్వే బామ్మర్ది. నీ లెక్కనే జెప్తుంది, దిగు.”

“కాలు కింద పెట్టొద్దు గదా బావా.”

“నువ్వు నమ్మవు గదరా గవన్ని.”

“తాత నమ్ముతడు.”

బావ తలుపు తెరిచి, వెనక్కి తిరిగి, వంగాడు. నేను ఎక్కాను. పట్టు పంచె మోకాళ్ల దాకా లేచి, మెడలో దండ బావ కళ్లకు అడ్డం పడుతూ, చిన్నప్పుడు జాతరలో కూడా ఎక్కని వీపు మీద నేను నా పెళ్లికి బయలుదేరాను. డప్పులవాళ్లకు ఇదేదో మా వైపు ఆచారమనిపించింది, దరువు మార్చారు. అప్పుడు ఒకసారి వెనక్కి చూశాను. వెనుక నలుగురు నెడుతుంటే, ఒకాయన కిటికీలో చేయి పెట్టి తిప్పుతుంటే, నా కారు ఆ మలుపులో ఎక్కడా తగలకుండా, వెన్నలా తిరిగింది. నా ప్రయోగం అక్షరాలా నిజమైంది. మనుషులెవరూ లేకపోతే ఆ టైర్లు ఆ కారుకు చక్కగా సరిపోతాయి.

గేటు దగ్గర తాతగారు ముందు నన్ను, తర్వాత నా కింద ఉన్న బావను చూశారు. కారు ఏదని అడిగారు.

“అస్తుంది తాతా, ఖాళీగ అస్తుంది” అన్నాడు బావ రొప్పుతూ.

“ఖాళీగా వచ్చేదానికి కారెందుకయ్యా?”

ఆయన గడియారం చూశారు, మళ్లీ నన్ను చూశారు, కాళ్లకు నీళ్లు తెమ్మని లోపలికి కేకవేశారు. ముహూర్తం దాటలేదు. తెర అడ్డంగా పట్టుకుని ఉండగా జీలకర్ర బెల్లం పెట్టే ముందు, అవతలి నుంచి గణితం గొంతు చాలా నెమ్మదిగా, “మనుషుల్ని ఎక్కించి చూడలేదా?” అని అడిగింది. లేదన్నాను. “మీరైనా ఎక్కలేదా?” లేదన్నాను. తెర కాసేపు వణికింది. అది నవ్వని తర్వాత తెలిసింది.

పాత టైర్లు మళ్లీ ఎక్కాయి. క్లచ్ కొత్తది పడింది. పెద్ద టైర్లను బావ తన వడ్ల కుప్ప మీద కప్పిన పట్టా గాలికి ఎగరకుండా బరువుకు పెట్టుకున్నాడు. పంట కోతలప్పుడు వెళితే ఇప్పటికీ కనిపిస్తాయి, వాటి పక్కన నిలబడి బావ తన నడుము పట్టుకుని చూపిస్తాడు. నేను ఇప్పటికీ ప్రతిదానికీ ఆధారం అడుగుతాను. మా ఇంట్లో మాత్రం, నేను ఏదైనా గట్టిగా రుజువు చేసిన మరుక్షణం, వంటింట్లోంచి “మనుషుల్ని ఎక్కించి చూశారా?” అని వినబడుతుంది. బాసికం కట్టుకుని బావ వీపు మీద ఊగిపోతున్న ఆ కుర్రవాడు అప్పుడు గుర్తుకు వస్తాడు. ఎంత నిబ్బరంగా లెక్కలు వేసుకునేవాడు, తనను మాత్రం కలుపుకోకుండా. మా ముహూర్తం మంచిదని తాతగారు పోయేదాకా అంటూనే ఉన్నారు. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదని నేనూ అంటూనే ఉన్నాను. రెండో ఉదాహరణ కోసం ప్రయత్నించాలని మాత్రం ఏనాడూ అనిపించలేదు.